కొత్త పుస్తకాల కట్ట నలుగురి ముందు విప్పండి

మీరు రాసింది క్లుప్తంగా ఇది. పల్లెటూళ్ళో ఒక చిన్న గ్రంథాలయం బాధ్యత మూడు నెలల కిందట మీ చేతికి వచ్చింది. ఒకటే గది, దాదాపు మూడు వేల పుస్తకాలు. పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెద్దవాళ్ళు పది పన్నెండు మంది, పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ళు నలుగురైదుగురు, అంతే. కొత్త పుస్తకాలకు కొద్దిపాటి డబ్బు మంజూరైంది, ఏం కొనాలో తేలడం లేదు. రెండు కార్యక్రమాలు పెడితే కుర్చీలు ఖాళీగా మిగిలాయి. దీనికి తోడు ఊళ్ళో ఒకాయన రెండు పెట్టెల పాత పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. వాటిని కాదనలేక, అరల్లో పెట్టలేక టెన్షన్ పడుతున్నారు.

నేను 29 ఏళ్ళు ఇలాంటి ఒంటిగది గ్రంథాలయాల్లోనే పనిచేశాను. మీ ఉత్తరంలో పుస్తకాల ప్రశ్న ఒకటి, కార్యక్రమాల ప్రశ్న ఒకటి, రెండూ విడివిడిగా ఉన్నాయి. నాకు అవి ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి. చిన్న గ్రంథాలయంలో ఏ పుస్తకం కొన్నా, అది ముందుగా ఎవరి చేతికి వెళ్తుందో కొనేనాటికే మనకు తెలిసి ఉండాలి. ఏ కార్యక్రమం పెట్టినా, అది అయిపోయేసరికి అరలోంచి ఒక పుస్తకమైనా ఎవరో ఒకరి ఇంటికి బయల్దేరాలి. ఈ రెండు పట్టింపులూ పెట్టుకున్నాక నా పని సగం తేలికైంది. అంతకుముందు నేనూ మీలాగే రెండింటికీ వేర్వేరుగా తిరిగేదాన్ని.

నా మొదటి ఏడాది సంగతి చెబుతాను. ఒక పెద్ద సభ పెట్టాను. షామియానా, మైకు, ముఖ్య అతిథి, పుస్తక పఠనం గొప్పదనం మీద గంటన్నర ఉపన్యాసం. జనం బాగానే వచ్చారు. మర్నాడు పొద్దున గది తలుపు తీసి సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆ సభకు వచ్చినవాళ్ళలో ఒక్కరూ గడప తొక్కలేదు, ఒక్క కొత్త సభ్యత్వం రాలేదు. ఆ సభ జరిగింది బయట, పుస్తకాలు ఉన్నవి తాళం వేసిన గదిలో. వాళ్ళు పుస్తకాన్ని చూడనే లేదు, ముట్టుకోనే లేదు. ఆ తర్వాత పుస్తకం కంటికి కనిపించని కార్యక్రమం నేను ఒక్కటీ పెట్టలేదు.

ఇక కొనుగోలు దగ్గరికి వద్దాం. ముందు డబ్బు సంగతి పక్కన పెట్టి రెండు రోజులు ఉన్న పుస్తకాలతో గడపండి. పుస్తకం ఎవరికిచ్చామో రాసుకునే ఇష్యూ రిజిస్టరు కన్నా, ఇచ్చినప్పుడల్లా తేదీ ముద్ర వేయడానికి పుస్తకం వెనక అంటించిన డేట్ స్లిప్పు ఎక్కువ నిజం చెబుతుంది. ప్రతి అర దగ్గరా నిలబడి ఒక్కో పుస్తకం తీసి చివరి తేదీ చూడండి. కొన్నిటికి స్లిప్పు నిండి రెండో స్లిప్పు అంటించి ఉంటుంది. కొన్నిటికి ఏళ్ళుగా ఒక్క ముద్ర కూడా పడి ఉండదు. రిచర్డ్ ట్రూస్‌వెల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1969లోనే ఒక లెక్క చెప్పాడు: గ్రంథాలయంలో బయటికెళ్ళే పుస్తకాల్లో దాదాపు 80 శాతం, ఉన్న మొత్తం పుస్తకాల్లో 20 శాతం నుంచే వెళ్తాయి. మీ గదిలో అంకెలు కాస్త అటూఇటూగా ఉండొచ్చు. ఆ 20 శాతం ఏవో చేత్తో పట్టుకుని చూస్తే మీ ఊరి అభిరుచి మీకు అర్థమవుతుంది. జానపద కథలు నలిగిపోయి ఉన్నాయా, ఆరోగ్యం పుస్తకాలు అట్టలు ఊడి ఉన్నాయా, డిటెక్టివ్ నవలలా, భక్తి పుస్తకాలా అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. నలిగి చిరిగినవాటి కొత్త ప్రతులే కొనాల్సిన మొదటి పుస్తకాలు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. కొత్తవి కొనాలంటే ఇంతవరకూ మన దగ్గర లేనివే కొనాలనుకుంటారు. జనం చదివి చదివి చింపేసిన పుస్తకానికి రెండో ప్రతి కొనడం కన్నా ఖాయమైన ఖర్చు నాకు తెలియదు.

ఆ తర్వాత మనుషుల్ని అడగాలి. "మీకు ఏ పుస్తకాలు కావాలి?" అని మాత్రం అడక్కండి. "మీ ఇష్టమండి, ఏవైనా పర్వాలేదు" అంటారు. అది మర్యాదకు చెప్పే మాట, సమాధానం కాదు. పుస్తకాల పేర్లు తెలియని మనిషిని పుస్తకం పేరు అడిగితే ఇబ్బంది పెట్టినట్టే. నేను ఇలా అడిగేదాన్ని: "ఈ నెలలో మీరు ఎవరినైనా పట్టుకుని అడిగి తెలుసుకున్న విషయం ఏమిటి?" ఈ ప్రశ్నకు జవాబు లేని మనిషి ఇంతవరకూ తగల్లేదు. ఒకాయన మోటారు పదేపదే కాలిపోతోందని మెకానిక్కు చుట్టూ తిరిగానన్నాడు. ఒకామె వాళ్ళమ్మకు షుగరు వచ్చింది, ఏం చేయాలో నర్సును అడిగానంది. ఒక కుర్రాడు ఇంగ్లీషులో దరఖాస్తు రాయించుకోవడానికి పక్క ఊరు వెళ్ళానన్నాడు. ఒక పిల్ల అయితే తేనెటీగలు ఇంటికి దారి ఎలా కనుక్కుంటాయో టీచరు చెప్పలేదని ఫిర్యాదు చేసింది. ఒక నోటు పుస్తకం పెట్టి ఎడమ పక్క మనిషి పేరు, కుడి పక్క ఆ విషయం రాసుకోండి. నెల తిరిగేసరికి మీ కొనుగోలు జాబితా దానంతట అదే తయారవుతుంది. పుస్తకం వచ్చిన రోజున కబురు ఎవరికి పంపాలో కూడా అందులోనే ఉంటుంది.

1931లో ఎస్. ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. పుస్తకాలు వాడుక కోసం, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, పాఠకుడి సమయం వృథా చేయవద్దు, గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి. శిక్షణలో వీటిని పరీక్ష కోసం బట్టీ పెట్టాను. ఆ నోటు పుస్తకం మొదలెట్టాకే మూడో సూత్రం బరువు తెలిసింది. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఎక్కడో ఉంటాడు, అతన్ని వెతికి పట్టుకోవాల్సింది మనం. పెద్ద నగర గ్రంథాలయంలో పుస్తకం పాఠకుడి కోసం అరలో పదేళ్ళు ఎదురుచూసినా నష్టం లేదు. మనకున్నది నాలుగు బీరువాలు, అంత ఓపిక పట్టే చోటు లేదు.

వచ్చిన డబ్బంతా ఒకేసారి ఖర్చు పెట్టకండి. నిబంధనలు ఒప్పుకుంటే మూడొంతులు ఇప్పుడు కొని ఒక వంతు ఆపుకోండి. మొదటి విడత పుస్తకాలు తిరగడం మొదలయ్యాక జనం అడిగేవే అసలైనవి. "ఇలాంటిది ఇంకోటి ఉందా?" అని ఎవరైనా అడిగినప్పుడు కొనడానికి చేతిలో పైసా లేకపోతే ఆ మనిషిని మళ్ళీ రప్పించడం కష్టం.

పిల్లల పుస్తకాలకు మొత్తంలో కనీసం మూడోవంతు కేటాయించమంటాను. నా సొంత లెక్క ఇది, ఎక్కడా రాసి లేదు. పిల్లల బొమ్మల పుస్తకాలు పలుచగా ఉంటాయి, అదే డబ్బుకు ఎక్కువ వస్తాయి, పైగా ఒక్కో పుస్తకం వారంలో మూడు ఇళ్ళు తిరుగుతుంది. పోటీ పరీక్షల పుస్తకాలు మీ కుర్రాళ్ళు గట్టిగా అడుగుతారు, అడగాలి కూడా. అయితే వాటికి ఒక గీత గీసుకోండి. కరెంట్ అఫైర్స్ ఏడాదికే పాతబడుతుంది, సిలబస్ మారితే అర మొత్తం చిత్తు కాగితమవుతుంది. గణితం, వ్యాకరణం, చరిత్ర లాంటి పునాది పుస్తకాలు మంచి ప్రచురణవి కొని, ఏటా మారే వాటికి మాసపత్రికల చందా కట్టడం మేలు.

షాపులోనో, పుస్తక ప్రదర్శనలోనో కొనేటప్పుడు పేరు చూసి బుట్టలో వేయకండి. పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరిచి బల్ల మీద పెట్టండి. కుట్టు బైండింగు అయితే పేజీలు పరుచుకుని నిలబడతాయి, మధ్యలో దారం కనిపిస్తుంది. ఒట్టి జిగురుతో అంటించినది అయితే చటుక్కున మూసుకుంటుంది, లేదా వెన్ను చిట్లుతున్న చప్పుడు వినిపిస్తుంది. అది పది చేతులు మారేసరికి విడివిడి కాగితాలవుతుంది. తర్వాత అక్షరాల సైజు. మీ పేపరు పాఠకులు ఎక్కువమంది పెద్దవాళ్ళు కదా, పుస్తకాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చదవగలరో లేదో చూడండి. కొత్తగా చదువు నేర్చుకుంటున్న పెద్దలకూ ఆ పెద్ద అక్షరాలే పనికొస్తాయి. వైద్యం, చట్టం, సాగు, కంప్యూటరు విషయాల్లో ముద్రణ సంవత్సరం చూడకుండా కొననే కొనకండి. మందుల మోతాదుల మీద పదిహేనేళ్ళ నాటి పుస్తకం అరలో ఉంచడం ప్రమాదం.

డబ్బు చాలకపోతే ఏం చేయాలన్నది నాకు ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువ రాస్తాను. 1935 నుంచి 1943 దాకా అమెరికాలోని కెంటకీ కొండల్లో ప్రభుత్వ ఉపాధి పథకం కింద కొందరు స్త్రీలు గుర్రాల మీద, కంచర గాడిదల మీద ఇంటింటికీ పుస్తకాలు మోసేవాళ్ళు. వాళ్ళ దగ్గర ఉన్నవన్నీ విరాళంగా వచ్చిన పాతవే, అవీ చాలేవి కావు. అప్పుడు వాళ్ళు చిరిగిపోయిన పత్రికల్లోంచి పనికొచ్చే పేజీలు కత్తిరించి, ఇళ్ళ వాళ్ళు చెప్పిన వంటల వివరాలు, కుట్టు నమూనాలు కలిపి అట్టల మధ్య అంటించి పుస్తకాలు తయారు చేశారు. వాటికి గిరాకీ బాగా ఉండేది. నేనూ ఆ పని చేశాను. పాత పత్రికల్లో సాగు సలహాల శీర్షికలన్నీ కత్తిరించి పంటల వారీగా అంటిస్తే మూడు లావుపాటి పుస్తకాలయ్యాయి. ప్రతి పేజీ అడుగున పత్రిక పేరు, తేదీ రాయించాను. పురుగు మందుల పేర్లున్నవి తీసేశాను, అవి కాలం చెల్లినవి కావచ్చని. ఆ పుస్తకాలకు పడినన్ని ముద్రలు కొన్న పుస్తకాలకు పడలేదు.

పిల్లలకైతే ఇంకో దారి ఉంది. పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వేదికలో బొమ్మల కథలు తెలుగుతో సహా చాలా భాషల్లో ఉచితంగా దొరుకుతాయి. స్వేచ్ఛా లైసెన్సు, అంటే పేర్లు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతి ఉంది కాబట్టి ప్రింటు తీసి, కుట్టి, అరలో పెట్టుకోవచ్చు. రచయిత, చిత్రకారుల పేర్లు, లైసెన్సు వివరం ఉన్న చివరి పేజీని మాత్రం తప్పకుండా కలిపి కుట్టండి. పక్క ఊళ్ళ గ్రంథాలయాలతో మాట్లాడుకుని యాభై పుస్తకాల పెట్టె ఒకటి మూడు నెలలకోసారి మార్చుకోవడం కూడా బాగా పనిచేస్తుంది. ఖర్చు రవాణాకే. పెట్టె మూత లోపల జాబితా అంటించి, ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ సంతకాలు పెట్టుకుంటే పేచీ రాదు.

పుస్తకాలు వచ్చాయనుకోండి. మామూలుగా మనం ఏం చేస్తాం? తలుపు దగ్గరగా వేసుకుని కట్ట విప్పి, వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరు వేసే అక్సెషన్ రిజిస్టర్లో ఎక్కించి, ముద్రలు వేసి, అరల్లో సర్దేస్తాం. ఆ తర్వాత "కొత్త పుస్తకాలు వచ్చాయి" అని ఒక కాగితం అంటిస్తాం. అంటే అందులో ఉన్న ఆనందమంతా మనమే ఒంటరిగా అనుభవించి, జనానికి నోటీసు మిగులుస్తాం. ఆ కట్ట నలుగురి ముందు విప్పండి. ఇదే మీ మొదటి కార్యక్రమం, దీనికి ముఖ్య అతిథి అక్కర్లేదు.

రెండు రోజుల ముందు నోటు పుస్తకంలో పేర్లున్న వాళ్ళకు మనిషి ద్వారా కబురు పెట్టండి: "మీరు అడిగిన మోటారు రిపేరు పుస్తకం వచ్చింది, శనివారం సాయంత్రం కట్ట విప్పుతున్నాం" అని. నేలమీద గుడ్డ పరిచి కట్ట మధ్యలో పెట్టండి. దారం కత్తిరించడం ఒక చిన్న పిల్ల చేత చేయించండి. కొత్త పుస్తకాన్ని ఎలా తెరవాలో అక్కడే చూపించండి. వెన్ను బల్లకు ఆనించి నిలబెట్టి, ముందు అట్ట ఒకవైపు, వెనక అట్ట ఇంకోవైపు వాల్చాలి. ముందు నుంచి నాలుగు కాగితాలు తీసి వేలితో మడత దగ్గర మెల్లగా రుద్దాలి. వెనక నుంచి నాలుగు. మళ్ళీ ముందు, మళ్ళీ వెనక, అలా మధ్య దాకా. వెన్ను దెబ్బతినకుండా పుస్తకం విచ్చుకుంటుంది, ఏళ్ళ తరబడి ఊడదు. ఈ పని నేర్చుకున్న పిల్ల ఆ తర్వాత పుస్తకం పేజీ మడవగా నేను చూడలేదు.

తర్వాత పని అందరూ పంచుకోవచ్చు. ఒకరు ముద్ర వేస్తారు, ఒకరు డేట్ స్లిప్పు అంటిస్తారు, ఇంకొకరు రిజిస్టర్లో నంబరు చదువుతుంటే మీరు రాస్తారు. స్లిప్పుకు అన్నం మెతుకో, బజారు గమ్మో పెట్టనివ్వకండి, పురుగు పడుతుంది. మంచి పుస్తకాల జిగురు పలుచగా, పై అంచుకు మాత్రమే రాయండి. చిరిగిన చోట సెల్లోటేపు అసలు వద్దు. కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది, జిగురు మరక కాగితంలో ఉండిపోతుంది. ముద్రలు పూర్తయిన పుస్తకం అడిగిన మనిషి చేతికి అక్కడికక్కడే ఇచ్చేయండి. అరలో సర్దడం ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఒకసారి ఇలా చేసినప్పుడు మేం తెచ్చిన 46 పుస్తకాల్లో 31 ఆ సాయంత్రమే ఇళ్ళకు వెళ్ళిపోయాయి. మర్నాడు వచ్చినవాళ్ళు కొత్త పుస్తకాల అర ఖాళీగా ఉండడం చూసి, తిరిగి ఎప్పుడు వస్తాయని అడిగి పేర్లు రాయించుకున్నారు.

వారం వారం జరగాల్సినవాటిలో పిల్లలకు చదివి వినిపించే గంటను మించింది లేదు. వారానికి ఒకే రోజు, ఒకే వేళ. ఇద్దరే వచ్చినా జరగాలి. ఈ వారం జనం లేరని ఒకసారి మానేస్తే వచ్చే వారం ఆ ఇద్దరూ రారు. చదివేటప్పుడు పుస్తకం మీ ముఖానికి అడ్డం రాకుండా పక్కకు పట్టుకుని, బొమ్మ పిల్లల వైపు తిప్పి చదవండి. మధ్యలో ఆపి అడగండి: "ఇప్పుడు ఏం చేస్తాడంటావు?", "ఈ బొమ్మలో ఏడుస్తున్నదెవరు?" అని. ఇది కేవలం సరదాకి చేసేది కాదు. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్ళు ఒక ప్రయోగం చేశారు. రెండేళ్ళ పిల్లల తల్లిదండ్రులకు, ఊరికే చదివేయకుండా ఇలా ప్రశ్నలు వేస్తూ, పిల్లలు చెప్పినదాన్ని ఇంకాస్త పెంచి చెబుతూ చదవడం నేర్పారు. నెల రోజులకే ఆ పిల్లలు మాట్లాడే తీరులో మిగతావాళ్ళ కన్నా ముందున్నారు. ఇందుకు పరికరం అక్కర్లేదు, ఒక పుస్తకం, కాస్త ఓపిక చాలు.

ఆ గంటలో జరిగిన ఒక సంగతి నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఒక పెద్దావిడ మనవణ్ణి దింపడానికి వచ్చి గుమ్మం అవతలే నిలబడేది. రెండో వారం గడప లోపలికి వచ్చింది. మూడో వారం గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్ళు మాత్రం బయటికే, వినడం లేదన్నట్టు. ఒకరోజు కథ సగంలో ఉండగా టైము అయిపోయి పుస్తకం మూశాను. పిల్లలు లేచిపోయారు. ఆవిడ లేవలేదు. "ఆ పిల్ల ఏరు దాటిందా మరి?" అంది. చదువు రాదని అప్పుడు చెప్పింది. ఆ పుస్తకం మనవడి పేరు మీద రాసి ఆవిడ చేతికే ఇచ్చాను, రాత్రి వాడిచేత చదివించుకోమని. కొంగులో చుట్టుకుని పట్టుకెళ్ళింది. వారం తిరగకుండానే తెచ్చి, "ఇంకోటి ఇయ్యి, వీడు తప్పులు లేకుండా చదువుతున్నాడు" అంది. మనవడికి చదువు, ఆవిడకి కథ. అప్పటినుంచి నేను పిల్లల గంటకు వచ్చే పెద్దవాళ్ళను బయట నిలబడనివ్వలేదు. గోడ పక్కన ఒక చాప వాళ్ళకోసమే వేయించాను. మీరూ వేయించండి.

పెద్దల కార్యక్రమాలకు కుర్చీలు నిండకపోవడానికి మీరు మూడు కారణాలు రాశారు. మీరు రాయని కారణం ఒకటుంది: ఆ విషయాలు ఎవరూ అడిగినవి కావు. మళ్ళీ ఆ నోటు పుస్తకమే తిరగేయండి. ఒకే రకం ప్రశ్నలు అయిదారు కనిపిస్తే అదే విషయం. మోటార్లు కాలిపోవడం గురించి అయిదుగురు అడిగితే మెకానిక్కును పిలవండి, బల్లమీద విప్పిన మోటారు, పక్కన మోటార్ల గురించిన పుస్తకాలు. షుగరు గురించి అడిగితే నర్సును పిలవండి. ఉపన్యాసం వద్దు, పదిహేను నిమిషాలు మాట్లాడించి గంట ప్రశ్నలకు వదిలేయండి. ఏడుగురు వచ్చినా చాలు. ఆ ఏడుగురూ విషయం కోసం వచ్చినవాళ్ళు, పుస్తకం తీసుకోకుండా వెళ్ళరు. ఎంతమంది వచ్చారన్నది రాసుకోండి, దాని పక్కనే ఆ సాయంత్రం ఎన్ని పుస్తకాలు బయటికెళ్ళాయో కూడా రాసుకోండి. రేపు పై అధికారులు అడిగితే చూపించాల్సింది ఆ రెండో అంకె.

వేళ కూడా చూసుకోవాలి. నాట్లు, కోతల రోజుల్లో సాయంత్రం ఆరుకు పెడితే ఎవరొస్తారు? ఆడవాళ్ళకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కాస్త తీరిక. పగలంతా పనిచేసే మగవాళ్ళకు రాత్రి ఏడున్నర. మన ఆఫీసు టైముకు సరిపడేలా పెట్టిన కార్యక్రమం మనకే మిగులుతుంది. ఇక గోడ కాగితం కన్నా నోటి మాట నమ్మండి. ఊళ్ళో నలుగురితో మాట్లాడే మనిషి ఎవరో మీకీపాటికి తెలిసే ఉంటుంది, ఆ ఒక్కరికి ముందుగా చెప్పండి.

ఇంకో మంచి పద్ధతి, మనిషినే పుస్తకంగా ఇవ్వడం. 2000లో డెన్మార్కులో కొందరు యువకులు మానవ గ్రంథాలయం పేరుతో మొదలుపెట్టారు. పాఠకుడు ఒక మనిషి ఎదురుగా కూర్చుని అరగంట ఆయన జీవితం గురించి అడుగుతాడు. మీ పేపరు పాఠకులే ఇందుకు సరిపోతారు. బావి తవ్విన ఆయన, వరద చూసిన ఆయన, సైన్యంలో పనిచేసి వచ్చిన ఆయన. పొద్దున పేపరు కోసం వచ్చేవాళ్ళనీ బడి పిల్లలనీ కలపడానికి నాకు ఇంతకన్నా మంచి దారి దొరకలేదు. చెప్పినవి పిల్లల చేత రాయించి కుట్టి అరలో పెడితే ఊరి చరిత్ర మీద మీ దగ్గర తప్ప ఎక్కడా దొరకని పుస్తకం తయారవుతుంది. చెప్పిన మనిషి అనుమతి తీసుకుని, రాసింది ఆయనకు చదివి వినిపించాకే అరలో పెట్టాలి.

గదికి రాలేనివాళ్ళ మాట. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా పెదవడ్లపూడి కేంద్రంగా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. పడవలో ప్రయాణం చేసేవాళ్ళకు ఊసుపోక కబుర్లకు బదులు పుస్తకం దొరికింది. కొలంబియాలో లూయిస్ సోరియానో అనే ఉపాధ్యాయుడు ఆల్ఫా, బేటో అనే రెండు గాడిదల మీద పుస్తకాలు వేసుకుని కొండ పల్లెలకు వెళ్ళేవాడు. మీకు పడవా గాడిదా అక్కర్లేదు. ఒక సంచీ, పది పుస్తకాలు, వారానికో పూట. మంచం పట్టినవాళ్ళు, బాలింతలు, ఇల్లు కదల్లేని వృద్ధులు ఉన్న ఇళ్ళు నాలుగైదు ఎంచుకోండి. చూపు లేనివాళ్ళు ఉంటే ఆడియో పుస్తకాల గురించి వాకబు చేయండి. 2013 నాటి మర్రకేష్ ఒప్పందం ఇందుకోసమే. చూపు లేనివాళ్ళకు వీలైన రూపంలోకి పుస్తకాన్ని మార్చి ఇవ్వడానికి కాపీరైటు హక్కుల అడ్డంకి ఉండకూడదని దేశాలు ఒప్పుకున్నాయి. దాన్ని మొట్టమొదట ఆమోదించిన దేశం భారత్, 2014లో.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఆలస్య రుసుము గట్టిగా వసూలు చేయకండి, జరిమానాకు భయపడి పుస్తకం ఇంట్లోనే దాచేసినవాళ్ళు గ్రంథాలయం వీధిలోకే రావడం మానేస్తారు. షికాగో నగర గ్రంథాలయం 2019లో జరిమానాలు ఎత్తేస్తే ఎప్పుడో పోయాయనుకున్న పుస్తకాలు వెనక్కి వచ్చాయి. కంప్యూటరు ఉంటే గ్రంథాలయ లెక్కలు చూసే కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేరు నేర్చుకోవచ్చు. న్యూజిలాండ్‌లో హొరోవెనువా అనే గ్రామీణ ప్రాంతపు గ్రంథాలయం తన అవసరానికి చేయించుకుని, 2000 జనవరి నుంచి వాడుతూ, అందరికీ వదిలేసింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. అయితే మూడు వేల పుస్తకాలకు మంచి రిజిస్టరు చాలు, కోహా కోసం తొందరపడకండి.

చివరిగా ఆ రెండు పెట్టెలు. ముందు వాటిని గది లోపల, పుస్తకాల బీరువాల దగ్గర పెట్టి ఉంటే ఇవాళే బయటికి తీయండి. పాత పెట్టెలో చెదలుంటే వారంలో మీ చెక్క బీరువా ఎక్కుతాయి. ఒక్కో పుస్తకం దులిపి, వెన్ను లోపల, అట్ట మడతల్లో చూడండి. సన్నని మట్టి గీతలు కనిపిస్తే చెదలు, జిగురు గీకినట్టుంటే వెండిచేప పురుగు, నల్ల చుక్కలూ ముక్క వాసనా ఉంటే బూజు. అనుమానం ఉన్నవి ప్లాస్టిక్ సంచీలో మూతి బిగించి విడిగా రెండు మూడు వారాలు ఉంచి మళ్ళీ చూడండి. తడి వాసన ఉన్నవాటిని మాత్రం సంచీలో బిగించకండి, నీడలో గాలికి ఆరబెట్టండి. నేరుగా ఎండలో పరిస్తే కాగితం పెళుసవుతుంది.

శుభ్రంగా ఉన్నవాటిలో ఏది ఉంచాలన్నది కూడా ఆ నోటు పుస్తకంతోనే తేల్చండి. దీన్ని అడిగే మనిషి పేరు ఒకటైనా గుర్తొస్తోందా? వస్తే ఉంచండి. రాకపోయినా, మీ ప్రాంతం గురించినది, చేత్తో రాసినది, ఎక్కడా దొరకని పాత ముద్రణ అయితే పక్కన పెట్టి జిల్లా గ్రంథాలయంలోనో విశ్వవిద్యాలయంలోనో తెలిసినవాళ్ళకు చూపించండి. కాలం చెల్లిన గైడ్లు, చట్టాల పుస్తకాలు అరలోకి రానివ్వకండి.

ఇచ్చినాయనకు ఏం చెప్పాలా అని కదా మీ బెంగ. ఆయన్నే పిలవండి. పెట్టెలు విప్పేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ పుస్తకం ఎప్పుడు కొన్నారో, ఎందుకు దాచుకున్నారో అడగండి. ఇలా ఇచ్చే పెద్దవాళ్ళకు పుస్తకాలన్నీ అరలో ఉండాలన్న పట్టుదల తక్కువ, తను దాచుకున్నవి ఎవరైనా ఒకసారి తెరిచి చూడాలన్న కోరిక ఎక్కువ. ఆయన మెచ్చిన రెండు మూడు పుస్తకాలు ఎంచి, లోపలి పేజీలో ఆయన పేరు రాసి, కట్ట విప్పే రోజున కొత్త పుస్తకాలతో పాటు ఆయన చేతే మొదటి పాఠకుడికి ఇప్పించండి.